ఈసారి ఉగాది చేసుకోవాలా? ఆయన రాజంపేటలో, మేము కువైట్‌లో

మల్లెపందిరి (ఫర్వానియా, కువైట్)
20 మార్చి 2020, శుక్రవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ అందరూ రాసేవి చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదలు.

మా ఆడపడుచు పెళ్లికి మా వారు ఫిబ్రవరి నెలాఖరున రాజంపేట వెళ్లారు. పిల్లల బడి పోతుందని మేము ముగ్గురం ఇక్కడే ఉండిపోయాం. తీరా చూస్తే కరోనా వల్ల మార్చి 1 నుంచి బడులే తెరవలేదు. ఆయనకు 10వ తేదీకి తిరుగు టికెట్టు ఉంది. 7వ తేదీ నుంచి భారత్ విమానాలు ఆపారు. వారం రోజులే అన్నారు. ఆ వారం పూర్తయ్యేలోపే 13 నుంచి అసలు విమానాశ్రయమే మూతపడింది. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

బుధవారం ఉగాది. మా ఇంట్లో పచ్చడి కలిపేది ఆయనే. పిల్లలను కళ్లు మూసుకోమని చెంచాడు నోట్లో పెట్టి, 'మొదట ఏ రుచి తగిలింది?' అని అడుగుతారు. ఎవరు ఏం చెప్పారో ఆ ఏడాది క్యాలెండరు వెనక రాస్తారు. అలా నాలుగేళ్ల కాగితాలు బీరువాలో దాచి ఉన్నాయి. నిన్న రాత్రి మా పాప (ఐదేళ్లు) 'నాన్న రాకపోతే ఉగాది కూడా రాదా?' అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

వేపపువ్వు లేదు. కింద బకాలాలో (కిరాణా కొట్టులో) మామిడికాయ లేదు. వాటికంటే ముందు నన్ను వేధిస్తున్నది మరొకటి. పోయిన శుక్రవారం నుంచి మా వీధి మసీదులో అజాన్ మారింది. 'ప్రార్థనకు రండి' అనే చోట 'మీ ఇళ్లలోనే ప్రార్థన చేసుకోండి' అంటున్నారు. మొదటిరోజు ఆ పిలిచే ఆయన గొంతు మధ్యలో ఆగిపోయింది. వాళ్లే మసీదుకు వెళ్లకుండా ఉంటే, నేను బూరెలు వేయించుకుంటూ కూర్చోవడం తప్పేమో అనిపిస్తోంది. మీరంతా ఏం చేస్తున్నారు?

పచ్చిమామిడి (ఎడిసన్, న్యూజెర్సీ)
20 మార్చి, మధ్యాహ్నం 3:15

తప్పకుండా చేయండి. పిల్లలకు పండగ వచ్చిందని తెలియాలి.

మామిడికాయ దొరకని ఏళ్లలో మేము పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ వాడాం. తొక్కతోనే సన్నగా తరగండి, వగరు కూడా కొంచెం తగులుతుంది. మా అమ్మ డిసెంబరులో ఇక్కడికి వచ్చింది. 28న తిరుగు ప్రయాణం ఉండేది. 22 నుంచి భారత్‌లో విదేశీ విమానాలు దిగనివ్వరట, టికెట్టు రద్దయింది. ఆమె బీపీ మాత్రలు ఇంకా పద్దెనిమిది రోజులకే ఉన్నాయి. రెండు రోజులుగా నా పని వాటి కోసం తిరగడమే. కానీ అమ్మ మాత్రం పొద్దున్నే లేచి, తను సీసాలో తెచ్చుకున్న ఎండు వేపపువ్వు బయటికి తీసి ఎండలో పెట్టింది. ఎండ అంటే మా ఇంట్లో కిటికీ దగ్గర జానెడు చోటు.

గోదారిగట్టు (సాల్మియా, కువైట్)
20 మార్చి, సాయంత్రం 6:02

మల్లెపందిరి గారూ, ఒంటరిగా ఎందుకు చేసుకోవాలి? మా భవనంలో నాలుగు తెలుగు కుటుంబాలం ఉన్నాం. ప్రతి ఏడూ ఉగాదికి మా ఇంట్లోనే భోజనాలు. ఈసారి సంఘం వాళ్ల సభ ఎలాగూ లేదు కాబట్టి బుధవారం మధ్యాహ్నం అందరం ఇక్కడే కలుద్దామనుకున్నాం. మీరు, పిల్లలు రండి. నేనే కారులో తీసుకొచ్చి దింపుతాను. మా ఆవిడ బొబ్బట్లకు శనగపప్పు ఇప్పటికే తెచ్చిపెట్టింది.

రాత్రిడ్యూటీ (కువైట్)
21 మార్చి, ఉదయం 7:30

గోదారిగట్టు అన్నా, మీ మనసు మంచిదని తెలుసు. అయినా దయచేసి ఈ భోజనాలు పెట్టకండి.

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సును. ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. నాలుగు కుటుంబాలంటే పదహారు మంది అని మీరు లెక్క వేస్తున్నారు. నేను వేసే లెక్క వేరు. ఆ పదహారు మంది రెండు వారాలుగా ఎవరెవరి పక్కన నిలబడ్డారో, లిఫ్టులో ఎవరితో ఎక్కారో వాళ్లంతా మీ భోజనానికి వచ్చినట్టే. జ్వరం, దగ్గు లేనివాళ్ల నుంచి కూడా ఇది అంటుకుంటోంది. పైగా ఉగాది పచ్చడి అంటే ఒకే గిన్నె, ఒకే గరిటె, చేతిలో వేయించుకుని నాకడం. అంతకంటే అనువైన దారి ఆ పురుగుకు ఇంకొకటి దొరకదు.

నా కొడుకుకు ఏడేళ్లు. పదిహేను రోజులుగా వాడు ఒక గదిలో, నేను ఒక గదిలో. తలుపు సందులో నుంచి కథ చెబుతాను. ఉగాదికీ అంతే.

గోదారిగట్టు
21 మార్చి, ఉదయం 9:10

చెల్లెమ్మా, నీ మాట కొట్టిపారేయను. కానీ ఒప్పుకోవడం కష్టంగా ఉంది. పద్నాలుగేళ్లలో ఒక్క ఉగాది నాడైనా మా ఇంటి తలుపు మూసిలేదు. మా నాన్నగారు ఊళ్లో తుఫాను వచ్చిన ఏడు కూడా నలుగురికి అన్నం పెట్టే తిన్నారు. భయపడి తలుపులు వేసుకుని కూర్చుంటే దాన్ని పండగ అంటామా?

శబ్దమంజరి (హైదరాబాద్)
21 మార్చి, మధ్యాహ్నం 1:25

వేపపువ్వు గురించి ఒక మాట. పచ్చడి తినేటప్పుడు మన పెద్దలు చెప్పే శ్లోకం ఇది:

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణమ్

కందళం అంటే లేత చిగురు. శ్లోకం అడుగుతున్నది చిగురునే, పువ్వు పేరు అందులో లేదు. చైత్రంలో పువ్వు విరివిగా దొరుకుతుంది కాబట్టి మనకు పువ్వు అలవాటైంది. కనుక మీకు ఎక్కడైనా వేపచెట్టు కనబడితే నాలుగు చిగుళ్లు చాలు. అదీ దొరకకపోతే మెంతులు దోరగా వేయించి పొడి చేసి చిటికెడు వేయండి. మెంతుల చేదు వేప చేదులా ముందుగా నాలుకకు తగలదు, మింగాక తెలుస్తుంది. ఎక్కువ వేస్తే పచ్చడి మొత్తం దాని వాసనే వస్తుంది, జాగ్రత్త.

రాబోయేది శార్వరి నామ సంవత్సరం. శర్వరి అంటే రాత్రి. అరవై పేర్లలో ఈ పేరు ఈ ఏడే రావడం చూసి కొందరు భయపెట్టే మాటలు పంచుతున్నారు. ఆ పేరు 1960లోనూ వచ్చింది. పేర్లు వరుసలో తిరుగుతాయి, అంతే.

పడమటిగాలి (దుబాయి)
21 మార్చి, మధ్యాహ్నం 2:40

మా వీధిలో రోడ్డు పక్కన వేపచెట్లు బాగానే ఉన్నాయి. కోసి పంపే దారే లేదు. బెల్లం లేనివాళ్లకు: ఇక్కడ ఖర్జూరపు పాకం సీసాల్లో అమ్ముతారు, అరబ్బులు దిబ్స్ అంటారు. చింతపండు అయితే ఏ అరబ్బు దుకాణంలోనైనా 'తమర్ హిందీ' అని అడగండి. హిందుస్థాన్ ఖర్జూరం అని అర్థం. మన పులుపుకు వాళ్లు పెట్టిన పేరు అది. రంజాన్‌లో దానితోనే పానకం చేసుకుంటారు.

పాతకాపు (విజయవాడ)
21 మార్చి, రాత్రి 8:50

అమ్మా మల్లెపందిరీ, నీ ప్రశ్న చదివాక రోజంతా నా మనసు సాల్మియాలోనే ఉంది. నేను అక్కడ మొత్తం ఇరవై ఆరేళ్లు పనిచేశాను. పండగ చేసుకోవడం తప్పా అని నువ్వు అడిగిన మాటే మా ఆవిడ 1990లో నన్ను అడిగింది.

ఆగస్టు 2, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం వచ్చింది. మొదటి నాలుగు రోజులు భవనం కింద సర్దాబ్‌లో (నేలమాళిగలో) పడుకున్నాం. విదేశాలకు ఫోన్లు తెగిపోయాయి. మేము బతికున్నామని మా అమ్మకు ఐదు వారాల పాటు తెలియదు. బ్యాంకులో ఉన్న దీనార్లు కాగితాలైపోయాయి. రొట్టె కోసం తెల్లవారుజామున మూడింటికి వరుసలో నిలబడేవాణ్ణి.

దండయాత్ర జరిగిన మూడు వారాలకు వినాయక చవితి. మా పెద్దమ్మాయికి ఆరేళ్లు. మా ఆవిడ అడిగింది: 'పక్కింటివాళ్ల అబ్బాయిని సైనికులు తీసుకుపోయారు. ఆ తల్లి ఏడుస్తుంటే మనం పూజ చేసుకోవచ్చునా?' ఆ పక్కిల్లు ఒక కువైటీ కుటుంబానిది. నాకూ జవాబు తెలియలేదు. చివరికి మా ఆవిడే వెళ్లి ఆ పెద్దావిడను అడిగింది. వచ్చీరాని అరబ్బీలో, 'మా దేవుడి రోజు, మీ చెట్టు ఆకులు కొన్ని కోసుకోనా?' అని.

వాళ్ల వాకిట్లో సిద్ర్ చెట్టు ఉంది. సిద్ర్ అంటే మన రేగు జాతే. వినాయకుడి ఇరవై ఒక్క పత్రిలో బదరీపత్రం ఉంది కదా, అంటే రేగాకు. ఇరవై ఒకటిలో మాకు దొరికినవి రెండే, అది ఒకటి, దానిమ్మాకు ఒకటి. రెండూ ఆ వాకిట్లోవే. ఆవిడ తన చేత్తోనే కోసి, గుప్పెడు ఖర్జూరాలు కూడా కలిపి ఇచ్చింది. 'మీ దేవుడికి మా అబ్బాయి సంగతి కూడా చెప్పు' అంది.

బొమ్మకు మట్టి లేదు. గోధుమపిండిలో పసుపు కలిపి మా ఆవిడే చేసింది. బియ్యం ఎన్నాళ్లు వస్తుందో తెలియదు కాబట్టి ఉండ్రాళ్లు ఐదే. కథ గొంతు పెంచకుండా చదువుకున్నాం. ఆ అబ్బాయి పేరు సంకల్పంలో చెప్పాం. గోత్రం ఏం చెప్పాలో తెలియక వాళ్ల నాన్న పేరు చెప్పాను. నిమజ్జనానికి సముద్రం ఎదురుగానే ఉంది, కానీ ఒడ్డున సైనికులు కందకాలు తవ్వుతున్నారు. బకెట్టులో కలిపి, ఆ నీళ్లు సిద్ర్ చెట్టు మొదట్లో పోశాం.

సెప్టెంబరులో బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరాం. ఎడారిలో గుడారాల్లో తొమ్మిది రోజులు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి. ఆ రెండు నెలల్లో అలా ఇల్లు చేరిన భారతీయులు దాదాపు 1.7 లక్షల మంది.

1992లో మళ్లీ వెళ్లాను. చెట్టు ఉంది. ఇంటికి తాళం వేసి ఉంది. ఆ అబ్బాయి ఏమయ్యాడో ఈనాటికీ నాకు తెలియదు.

ఇప్పుడు మా పెద్దమ్మాయికి ముప్పై ఆరు. సర్దాబ్ సంగతి అడిగితే దానికి గుర్తు లేదంటుంది. గోధుమపిండి వినాయకుడు మాత్రం గుర్తున్నాడు, తొండం ఎటు తిరిగి ఉందో కూడా చెబుతుంది. నువ్వు చెయ్యి తల్లీ. ఎంత చిన్నదైనా సరే.

మల్లెపందిరి
21 మార్చి, రాత్రి 10:35

బాబాయి గారూ, పిల్లలు పడుకున్నాక చదివాను. రెండుసార్లు చదివాను. చేస్తాను.

గోదారిగట్టు
22 మార్చి, ఆదివారం, ఉదయం 8:05

రాత్రి ప్రకటన చూశారు కదా. ఈరోజు నుంచి సాయంత్రం 5 నుంచి తెల్లవారుజాము 4 దాకా కర్ఫ్యూ. మధ్యాహ్నం భోజనానికి అది అడ్డు కాదని వాదించవచ్చు. కానీ పాతకాపు గారు రాసింది చదివాక నా పట్టుదల నాకే నచ్చలేదు. రాత్రిడ్యూటీ చెల్లెమ్మా, భోజనాలు మానేశాం. మూడిళ్లకూ నేనే చెప్పాను. నువ్వు నీ బిడ్డతో తలుపు సందులో నుంచి మాట్లాడుతుంటే నేను నీతో వాదించాను, మనసులో పెట్టుకోకు.

మా ఆవిడ బొబ్బట్లు మాత్రం చేస్తానంటోంది. ఐదు కేజీల పప్పు ఏం చేయాలో చెప్పండి.

చిట్వేలి బాట (మహబూలా, కువైట్)
22 మార్చి, మధ్యాహ్నం 12:20

అందరికీ నమస్కారం. నేను ఒక హోటల్లో వంటపనివాణ్ణి. హోటళ్లు మూసినప్పటి నుంచి పని లేదు. గదిలో ఎనిమిది మందిమి. ఇద్దరు రాజంపేట దగ్గరివాళ్లు, ముగ్గురు తూర్పు గోదావరి, ఒకరు నిజామాబాద్, ఒకరు నేపాలీ తమ్ముడు, నేను. కార్లు కడిగేవాళ్లు, తాపీ పనివాళ్లు. ఎవరికీ ఈ నెల జీతం రాలేదు. ఇద్దరికి ఇకామా (ఇక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) గడువు కూడా దాటిపోయింది, అందుకని వాళ్లు బయటికి రావడానికి భయపడుతున్నారు.

ఇవన్నీ సాయం అడగడానికి రాయడం లేదు. మెంతులా, చిగుళ్లా అని మీరు మాట్లాడుకోవడం చదివి గదిలో వాళ్లకు వినిపించాను. చాలాసేపు వాళ్ల ఊళ్లో ఉగాది ఎలా చేస్తారో చెప్పుకున్నారు. మా వైపు ఓళిగలు అంటాం. నిజామాబాద్ అన్న భక్ష్యాలు అంటాడు, పచ్చడి కుండలో పానకంలా పలచగా చేసి గ్లాసులతో తాగుతామన్నాడు. గోదావరివాళ్లు గట్టిగా ఉండాలన్నారు. పది రోజుల తరవాత గదిలో పని గురించి కాక వేరే మాట వినబడింది. అందుకు మీకు చెప్పాలనిపించింది.

ఒక్క సందేహం. మెంతులు ఉన్నాయి, ఉప్పు, కారం ఉన్నాయి. చక్కెర వాడవచ్చునా బెల్లానికి బదులు?

శబ్దమంజరి
22 మార్చి, మధ్యాహ్నం 12:55

వాడవచ్చు నాయనా. నిస్సంకోచంగా వాడండి.

గోదారిగట్టు
22 మార్చి, మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, మీరు అడగకపోయినా నేను వస్తున్నాను. పప్పు ఏం చేయాలో నాకు తెలిసిపోయింది. మీ భవనం గుర్తులు నాకు విడిగా సందేశం పంపు.

రాత్రిడ్యూటీ
22 మార్చి, మధ్యాహ్నం 2:30

వెళ్లేవాళ్లు ఒక్కరే వెళ్లండి. గదిలోకి వెళ్లవద్దు, సంచులు గుమ్మం దగ్గర పెట్టి ఫోను చేయండి. వండిన పదార్థం కంటే సరుకులు మేలు: బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, సబ్బులు. సబ్బులు మరవద్దు. చిట్వేలి బాట తమ్ముడూ, గదిలో ఎవరికైనా జ్వరం వస్తే దాచకండి. ఇకామా భయంతో ఆగిపోవద్దు, వెంటనే నాకు రాయి, ఎక్కడికి వెళ్లాలో నేను చెబుతాను.

వేదిక నిర్వాహకుడు
22 మార్చి, మధ్యాహ్నం 3:00

సాయం చేసేవారికి మనవి: ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు, గది చిరునామాలు ఇక్కడ బహిరంగంగా రాయవద్దు. ముఖ్యంగా ఇకామా ఇబ్బందుల్లో ఉన్నవారి వివరాలు. విడి సందేశాలు వాడండి.

మిలాన్ మేడ (మిలాన్, ఇటలీ)
23 మార్చి, రాత్రి 11:15

నేను ఇక్కడ ఎంఎస్సీ చదువుతున్నాను. 15వ తేదీన విద్యార్థులతో ప్రత్యేక విమానం ఢిల్లీ చేరింది. నేను వెళ్లలేదు. ఇంట్లో తాతయ్యకు ఎనభై రెండు, నా వల్ల ఆయనకు అంటుకుంటే తట్టుకోలేను. రోజంతా అంబులెన్సుల మోత. మొదటి వారం సాయంత్రాలు బాల్కనీల్లో పాటలు పాడేవారు, ఇప్పుడు మా వీధిలో అదీ లేదు.

చేదుకు నేను కనిపెట్టింది: రాడిక్కియో అని ఎర్రటి ఆకుకూర, క్యాబేజీలా ఉంటుంది. పచ్చిగా నమిలితే మంచి చేదు. కింది అంతస్తు ముసలమ్మ బుట్ట కిందికి వేలాడదీస్తుంది, ఆమెకు సరుకులు తెచ్చి నేనే అందులో పెడతాను. నిన్న బుట్టలో నాకోసం రాడిక్కియో ఉంచింది. ఎందుకో చెప్పాను. ఆరు రుచుల సంగతి విని ఉప్పు, మిరియాలు కూడా పెట్టింది.

మల్లెపందిరి
24 మార్చి, రాత్రి 7:20

ఇప్పుడే ప్రధాని ప్రసంగం విన్నాం. ఈ అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజులు లాక్‌డౌన్. రాజంపేట నుంచి ఆయన ఫోను చేశారు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. 21 రోజుల తరవాతైనా వస్తారని లెక్కపెట్టుకోవడం మానేశాను.

బాబు కాగితంతో తోరణం కత్తిరించాడు. మామిడాకు ఈనెలు పెన్సిలుతో గీశాడు. గోదారిగట్టు అన్నయ్య గుమ్మం దగ్గర సంచి పెట్టి వెళ్లారు, అందులో బొబ్బట్లు, ఒక మామిడికాయ. ఎక్కడ సంపాదించారో చెప్పలేదు.

మల్లెపందిరి
25 మార్చి, బుధవారం, ఉదయం 11:45

అందరికీ శార్వరి నామ సంవత్సర శుభాకాంక్షలు.

తెల్లవారుజామున పిల్లలకు తలంటి పోశాను. మామిడికాయ సగం చేశాను. సగం మా భవనం హారిస్ (కాపలాదారు) ద్వారా పై అంతస్తు తెలుగు అమ్మాయికి పంపాను. ఆమె ఒక ఇంట్లో పనిచేస్తుంది, పండగకు సెలవు లేదు. మెంతులు వేయించడంలో కొంచెం మాడాయి.

ఎనిమిదింటికి ఆయన ఫోను తెర మీదికి వచ్చారు. వెనక వాళ్ల పెరట్లో వేపచెట్టు, పూతతో తెల్లగా ఉంది. పాప అది చూసి 'మాకు కావాలి' అని ఏడుపు మొదలుపెట్టింది. ఆయన కొమ్మ వంచి పువ్వు తుంపి, ఫోను దగ్గరగా పెట్టి చూపించి, మా పేర్లు చెబుతూ మూడుసార్లు తన నోట్లో వేసుకున్నారు. చేదుకు ముఖం ముడుచుకుపోయింది. పాప ఏడుపు ఆపి నవ్వింది.

తరవాత పిల్లలిద్దరూ కళ్లు మూసుకున్నారు. చెంచా నేను పెట్టాను, ప్రశ్న ఆయన అడిగారు. బాబు 'పులుపు' అన్నాడు. పాప 'మాడిన వాసన' అంది. అది ఆరు రుచుల్లో లేదని బాబు గొడవ. ఆయన మాత్రం అక్కడి గోడ క్యాలెండరు దించి, వెనక అదే రాశారు. నేను కారం అన్నాను.

చిట్వేలి బాట
25 మార్చి, మధ్యాహ్నం 1:30

సరుకులు అందాయి. అన్నకు, వదినగారికి దండాలు. ఓళిగలు నేనే వత్తాను, అరవై అయ్యాయి. పచ్చడి రెండు రకాలు చేశాం, ఒకటి గట్టిగా, ఒకటి గ్లాసులతో. నేపాలీ తమ్ముడు రెండూ తిన్నాడు. ఎదురు గదిలో బంగ్లాదేశ్ వాళ్లు పన్నెండు మంది ఉన్నారు, వాళ్ల గుమ్మం ముందు ఇరవై నాలుగు పెట్టి తలుపు కొట్టి వచ్చేశాం.

బియ్యం ఇంకో పది రోజులకు సరిపోతాయి.

పచ్చిమామిడి
25 మార్చి, సాయంత్రం 6:40

అమ్మ మాత్రలు దొరికాయి. ఇక్కడి ఒక తెలుగు డాక్టరు గారు చీటీ రాసి ఇచ్చారు. ఇక్కడ పొద్దున పది దాటాక పచ్చడి తిన్నాం. మల్లెపందిరి గారూ, అమ్మ సీసాలో వేపపువ్వు సగం మిగిల్చింది. మీ పాపకట. విమానాలు మొదలయ్యాక పంపమంటోంది.

గోదారిగట్టు
26 మార్చి, ఉదయం 8:15

శనివారం ఉదయం మళ్లీ మహబూలా వెళ్తున్నాను. ఫహాహీల్ రోడ్డులో ఇంకెవరైనా సరుకులు ఇచ్చేవాళ్లుంటే పదింటిలోపు విడిగా రాయండి. బయలుదేరేటప్పుడు ఫోను చేస్తాను, సంచి కింద గేటు దగ్గర పెట్టండి. ఏప్రిల్ 2 శ్రీరామనవమి. వడపప్పుకు పెసరపప్పు, బెల్లం ఉన్నవాళ్లు అవి కూడా వేయండి. ఇప్పుడు నా జాబితాలో ఐదు గదులున్నాయి.